కడియంలో దొరకని పువ్వు

గొప్పలు చెప్పుకోవడం నాకు పెద్దగా అలవాటు లేదు, ఒక్క మా రాజమండ్రి విషయంలో తప్ప. పెళ్ళయి అమీర్‌పేటకు వచ్చి నలభై ఏళ్ళు దాటినా, ఎవరైనా నీళ్ళ మాట ఎత్తితే చాలు, "మా గోదారి చూశారా?" అని మొదలుపెడతాను. ఆ గొప్పే ఈసారి ఒక మనిషి మొక్కు మీదికి తెచ్చింది. దైవం దయతలచబట్టి బయటపడ్డాం. గోదావరి చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చూసినవాళ్ళు కూడా మా అంత కంగారుగా చూసి ఉండరు.

ఆ మనిషి యాదమ్మ. మా వీధి మలుపులో చీరలకు ఫాల్స్ కుట్టి, పీకో చేసే చిన్న కొట్టు ఆమెది. చుట్టూ కోచింగు సెంటర్ల బోర్డులు, హాస్టళ్ళ మెట్లు, వాటి మధ్య ఆమె కుట్టుమిషను. ఇరవై ఏళ్ళుగా నా చీర ఒక్కటీ ఆమె చెయ్యి పడకుండా నా ఒంటి మీదికి రాలేదు. ఆమెది జగిత్యాల వైపు పల్లె. నన్ను అక్కా అంటుంది. నాకు తోబుట్టువులు లేరు. ఆ పిలుపు నాకు దక్కినందుకు రోజూ దేవుడికి ఒక దణ్ణం ఎక్కువే పెట్టుకుంటాను.

పోయిన వానాకాలంలో యాదమ్మ కూతురు లతకు డెంగీ వచ్చింది. పంజగుట్టలో ఆస్పత్రి వరండాలో మేమిద్దరం బెంచీ మీద కూర్చుని ఉండగా నర్సు బయటికొచ్చి, ప్లేట్‌లెట్లు ఇంకా పడిపోతున్నాయని చెప్పి వెళ్ళింది. యాదమ్మ ఏడవలేదు. ఎదుటి గోడకేసి చేతులు జోడించి, "గోదారి తల్లీ, నా బిడ్డను ఇంటికి పంపు. సద్దుల నాడు తంగేడు, గునుగు పేర్చి నీ నీళ్ళల్ల ఇడుస్త" అంది. నాలుగో రోజుకు లత లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది.

సద్దులంటే బతుకమ్మ పండగ ఆఖరి రోజు. తొమ్మిది రోజులు తెలంగాణ ఆడవాళ్ళు పూలను గోపురంలా పేర్చి, చుట్టూ చప్పట్లు చరుస్తూ ఆడి, నీళ్ళలో వదులుతారు. మా వీధిలోనూ ఆడతారు. నేను ఏటా బాల్కనీలో నిలబడి చూస్తాను గానీ ఎప్పుడూ దిగలేదు. రమ్మని పిలవని ఏడాది లేదు. అయినా, మనకు రానిది మధ్యలో దూరితే ఏం బావుంటుందని ఒక బెరుకు.

యాదమ్మ ధర్మపురి పోదామనుకుంది. అక్కడా పారేది గోదావరే, ఆమె పుట్టింటికి దగ్గర కూడా. నేనే పోనివ్వలేదు. "గోదారిని నిండుగా చూడాలంటే రాజమండ్రిలోనే చూడాలి. మా ఊరు చూసినట్టూ ఉంటుంది, మొక్కు తీరినట్టూ ఉంటుంది" అన్నాను. మావారితో టికెట్లు కూడా తీయించేశాను.

బయల్దేరేముందు ఆమె అడిగింది. "గునుగు ఒక సంచిల పెట్టుకుంట అక్కా. అది వాడది. తంగేడు సుత తడిబట్టల సుట్టుకుంటే మూడొద్దులు ఆగుతదేమో."

"రాజమండ్రి పక్కనే కడియం, పూల ఊరు. అక్కడికి పూలు మోసుకెళ్తారుటే ఎవరైనా?" అని నవ్వాను. "అక్కడ లేని పువ్వు భూమ్మీదే లేదు."

"నిజంగనా?"

"నా మాట నమ్ము."

నమ్మింది. సంచి ఇంట్లోనే వదిలేసింది.

గోదావరి గట్టు

తెల్లవారుతుండగా రైలు వంతెన ఎక్కింది. చక్రాల చప్పుడు మారగానే పెట్టెలో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి కిటికీల దగ్గర చేరారు. నీళ్ళు ఇంకా ఎర్రగా, నిండుగా ఉన్నాయి. నాకు కళ్ళు చెమర్చాయి. యాదమ్మ చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. వంతెన దాటేదాకా తెరవలేదు.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి పదేళ్ళ దాకా నడక సరిగ్గా లేదు. నాన్న సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుతూ చదువు చెప్పారు. అంగళ్ళ బోర్డులు నా అక్షరాలు. పాత రైలు వంతెన స్తంభాలు నా ఎక్కాలు. గట్టు మీంచి కనిపించే ఒక్కో స్తంభానికి ఒక ఎక్కం అప్పజెప్పాలి. తప్పితే సైకిలు ఆగిపోయేది. అలిగిన గుర్రంలా దాన్ని అక్కడే నిలబెట్టి, నాన్న నదికేసి చూస్తూ నిలబడేవారు. ఎప్పుడూ కసురుకోలేదు.

ఆ వంతెన మీద ఇప్పుడు రైళ్ళు నడవవు. ఘాటు మెట్ల మీద నిలబడి ఈ కథంతా యాదమ్మకు చెప్పాను. "మీ నాయిన మస్తు మంచోడు అక్కా" అని, వెంటనే, "పూల బజారుకు ఎప్పుడు పోదం?" అంది.

"రేపు పోదాం. సద్దులు ఎల్లుండి కదా. ఇప్పుడే కొంటే వాడిపోవూ?"

మార్కండేయస్వామి గుడిలో దర్శనం చేసుకుని, పక్క సందులో పెసరట్టు ఉప్మా తిన్నాం. అమీర్‌పేట హాస్టళ్ళ మధ్య బండి మీద ఇదే ధరకు వచ్చేది ఇందులో సగం ఉంటుంది, అల్లం పచ్చడి అడిగితే మొహం చిట్లిస్తారు. ఇక్కడ అడక్కుండానే రెండోసారి వేశాడు.

"ఇంకొంచెం వెయ్యమంటారాండీ? మొహమాటపడకండి" అన్నాడు వడ్డించే పెద్దాయన.

"వద్దన్నా" అంది యాదమ్మ. తర్వాత నా చెవిలో, "గీ పచ్చట్ల బెల్లమెందుకేసిండ్రు? కారానికి కరువొచ్చిందా?" అంది.

ఆయనకు వినపడింది. "హైదరాబాదాండీ?" అని నవ్వుతూ లోపలికి వెళ్ళి, పచ్చిమిరపకాయలు రెండు నూనెలో వేయించి తెచ్చి ఆమె ఆకులో పెట్టాడు. ఈ ఊళ్ళో మర్యాద ఇలాగే ఉంటుంది. వెక్కిరిస్తారు, వెంటనే వడ్డిస్తారు.

పాపికొండల లాంచీ ఎక్కిద్దామనుకున్నాను. వరద నీరు తగ్గలేదని ఇంకా వదలడం లేదన్నారు. నేను చిన్నబుచ్చుకుంటే యాదమ్మ మొహం విప్పారింది. "మంచిగైంది. పూలకు ఎక్కువ టైమున్నట్టే." సాయంత్రం రోజ్‌మిల్కు తాగించాను. గులాబీ రంగు గ్లాసు పైకెత్తి చూసి, "దీన్ల గులాబీ రెక్క ఉంటదా?" అని అడిగింది. ఊరు చూపించే సంబరంలో ఉన్న నేను, ఆమె చూస్తోందా లేదా అని ఆలోచించనే లేదు.

ధవళేశ్వరం, కడియపులంక

రెండో రోజు పొద్దున ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు పేరు సూరిబాబు. యాభై దాటిన మనిషి, మాట మాటకీ "ఆయ్" అంటాడు. ముందు ధవళేశ్వరం ఆనకట్ట. తలుపులు ఎత్తి ఉన్నాయి. నీళ్ళు దుమికే చోట పొగలాగా తుంపర లేస్తోంది. నాన్న నాకు భూగోళం ఇక్కడే చెప్పారు. ఇటు పోయేది గౌతమి, అటు పోయేది వశిష్ఠ, ఇక్కణ్ణించి కాలువల మీద ఎన్ని ఊళ్ళు అన్నం తింటున్నాయో చూడమ్మా, అన్నం ముందు కూర్చున్నప్పుడు ఈ నీళ్ళకో దణ్ణం పెట్టుకో, అనేవారు. ఇప్పటికీ పెట్టుకుంటాను. అమీర్‌పేటలో కుళాయి నీళ్ళు పట్టుకున్నా సరే.

"మీ గోదారి మంచిగుంది గానీ అక్కా, జర తొందరగా పోదం" అంది యాదమ్మ.

కడియం పక్కనే ఉన్న కడియపులంక చేరేసరికి పదిన్నర. ఆ పూల సంతను ఎలా చెప్పను! బంతి గుట్టలు, చామంతి గుట్టలు, లిల్లీ మూటలు, కనకాంబరాల దండలు. తూకం వేసేవాళ్ళు పూలలో మోకాళ్ళ దాకా మునిగి నడుస్తున్నారు. దసరా రోజులు కాబట్టి లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. నా ఊరు నా మాట నిలబెట్టిందని గర్వంగా యాదమ్మ వైపు తిరిగాను.

ఆమె అప్పటికే మూడు కొట్లు దాటి పోయింది. ఒక్కో చోట అడుగుతోంది. ఒక్కో చోట తల అడ్డంగా ఊపుతున్నారు.

చివరి కొట్టాయన మొదట బేరమనుకున్నాడు. "తంగేడాండీ?" అని నవ్వాడు. తర్వాత మా మొహాలు చూసి నవ్వు ఆపాడు. "అది ఎవరు పెంచుతారమ్మా? ఊరికే పెరిగేదాన్ని కొనేవాళ్ళెవరు, అమ్మేవాళ్ళెవరు?"

"గునుగన్న ఉన్నదా?"

యాదమ్మ చేతులతో వర్ణించింది. తెల్లగా, కొసన గులాబీ రంగు, కుచ్చులాగా. ఆయన అర్థం చేసుకున్నాడు. "ఓ, గురుగాకండీ! అది కలుపండి. మా నర్సరీల్లో కనపడితే పీకేస్తాం. చామంతి తీసుకెళ్ళండి, ఆరు రంగులున్నాయి."

పక్కన నర్సరీలకూ వెళ్ళాం. ఏ దేశానివో పేర్లు తెలియని మొక్కలున్నాయి. గాజు సీసాలో పెరిగేవి, ఆకు మీద పువ్వు గీసినట్టుండేవి. తంగేడు లేదు. ఒక తోటమాలి మాత్రం పార ఆపి నింపాదిగా చెప్పాడు. "ఇది లంక భూమండి. ఎక్కడ తవ్వినా నీళ్ళే. తంగేడు పస్తులుండే నేలలో పూస్తుందండి. మెట్ట వైపు వెళ్ళి చూడండి, కోరుకొండ అలాగ."

లక్ష పూల మధ్య ఒక్క పువ్వు లేదు. నాన్న చెప్పిన పేర్లన్నీ ఈ సంతలో పూలవే. అమ్మకానికి రాని పువ్వు పేరు నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"బంతి, చామంతితో పేర్చుదామా యాదమ్మా?" అన్నాను, నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది.

"పేరు పెట్టి మొక్కిన అక్కా. తంగేడు, గునుగు అన్న. బిడ్డ పానం మీదికి వచ్చినప్పుడు ఒక మాట, లేచి కూసున్నంక ఇంకో మాట అంటమా?" నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

ఆటోలోంచే మావారికి ఫోను చేశాను. ఆయన అమీర్‌పేట మార్కెట్టుకు పరిగెత్తి, సాయంత్రానికి తిరిగి చేశారు. "ఇవాళ్టి తంగేడు అయిపోయిందిట. రేపు తెల్లారి లారీలు వస్తాయంటున్నారు. అప్పుడు బస్సులో వేసినా మీకు చేరేసరికి రాత్రవుతుందే." ఫోను పెట్టేశాక లాడ్జి గదిలో గోడకేసి కూర్చుని జపం చేసుకున్నాను. ఎప్పుడూ దేవుణ్ణి ఏదీ అడగను, ఇచ్చినవాటికి దణ్ణం పెట్టుకుంటాను. ఆ రోజు అడిగాను.

కోరుకొండ మెట్ట

మూడో రోజు, అంటే సద్దుల రోజు, తెల్లారకముందే సూరిబాబు వచ్చి లాడ్జి ముందు హారను కొట్టాడు. "ఆయ్, మా ఆవిడ కూడా చెప్పిందండి, తంగేడు మెట్టలోనే ఉంటుందని. ఎక్కండి."

కోరుకొండ దగ్గర నేల రంగు మారింది. వరి పచ్చదనం పోయి ఎర్రమట్టి, కర్రపెండలం చేలు, రాళ్ళ గట్లు. కొండ మీద నరసింహస్వామి గుడి. ఆ మెట్లు నిటారుగా ఉంటాయి. నాన్న ఒకసారి నన్ను వీపు మీద ఎక్కించుకుని అన్నీ ఎక్కారు. కింద నించే దణ్ణం పెట్టి, "స్వామీ, ఇవాళ పైకి రాలేను, పని మీద వచ్చాం" అని చెప్పుకున్నాను.

యాదమ్మ ఆటోలోంచి సగం బయటికి వంగి కూర్చుంది. ఉన్నట్టుండి, "ఆపు ఆపు అన్నా! ఆపుర్రి!" అని కేకేసింది. బండి పూర్తిగా ఆగకముందే దూకి, పడబోయి, లేచి పరుగెత్తింది.

చేలో ఆరుగురు ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. పీకిన కలుపు గట్టు మీద కుప్పలుగా పడి ఉంది. ఆ కుప్పల నిండా తెల్లని కుచ్చులు. గునుగు! అప్పుడే పీకింది, వేళ్ళకు తడి మట్టి ఆరలేదు. యాదమ్మ ఆ కుప్ప మీద కూలబడి రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది.

కలుపు తీసేవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు.

"ఏంటమ్మా, ఏమైందీవిడకి?" అంది వాళ్ళలో పెద్దావిడ. పేరు వీరాయమ్మ అని తర్వాత తెలిసింది.

విషయం చెప్పాను. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"దీని కోసం హైదరాబాదు నించొచ్చారా?" అంది ఒకామె. "ముందే చెప్తే మాకు ఈ పని తప్పేది కదండీ, మీరే వచ్చి పీక్కునేవారు!"

"ఊరుకోవే, ఆసామి విన్నాడంటే రేపట్నించి ఇదే పంటేస్తాడు" అంది ఇంకొకామె. అందరూ పగలబడి నవ్వారు. యాదమ్మ కూడా నవ్వింది. మూడు రోజుల్లో అదే మొదటిసారి.

"తంగేడు సుత కావాలె తల్లీ" అంది వీరాయమ్మతో. "ఒక్క వరసకు దొరికితే చాలు."

వీరాయమ్మ కొడవలి నడుముకు దోపుకుంది. "రా, గట్టు వెనకుంది. మేకలు మిగిల్చుంటే నీ అదృష్టం."

నేను మోకాళ్ళు పట్టుకుని వెనకాల నడిచాను. రాళ్ళ మధ్య తంగేడు పొదలు ఓ పది ఉన్నాయి. సగం కాయలు కాసేశాయి. మిగతా సగంలో పసుపు పచ్చని గుత్తులు. యాదమ్మ ఒక్కో గుత్తినీ కళ్ళకద్దుకుని తుంచి కొంగులో వేసుకుంది. అన్నీ కలిపి తట్టెడు కూడా రాలేదు. "సాలు. కింది వరసకు సాలు" అంది.

డబ్బివ్వబోతే వీరాయమ్మ చెయ్యి వెనక్కి లాగేసుకుంది. "బాగుందమ్మా, చెత్తకి డబ్బులేంటి? నీ కూతురు చల్లగా ఉండాలి." సంచిలో తాపేశ్వరం కాజాల పొట్లం ఉంటే బతిమాలి ఇచ్చాను. అది మాత్రం తీసుకుని అక్కడే ఆరుగురూ పంచుకున్నారు. వాళ్ళ మట్టిచేతుల్లో ఆ కాజాలు నైవేద్యంలా కనిపించాయి నాకు.

పుష్కర ఘాటు

బతుకమ్మను లాడ్జి గదిలోనే పేర్చాం. అడుగున గుమ్మడాకు వేయాలట, దొరకలేదు. అరిటాకు వేశాం. కింద హోటలువాళ్ళు పెద్ద స్టీలు పళ్ళెం ఇచ్చారు. "రేపు పొద్దున సాంబారు గిన్నె మీదికి మూత లేదండీ, మర్చిపోకండి" అన్నారు. మొదటి వరస తంగేడు, పైన గునుగు, ఆ పైన కడియం బంతీ చామంతీ. రంగులు అద్దడానికి టైము లేక గునుగు తెల్లగానే ఉండిపోయింది. శిఖరాన పసుపుతో చేసిన గౌరమ్మ. పళ్ళెం ఎత్తుకుని మేం మెట్లు దిగుతుంటే లాడ్జి మేనేజరు లేచి చెప్పులు విప్పి నిలబడ్డాడు.

ఘాటు దగ్గర నీళ్ళు ఎక్కువగా ఉన్నాయని కింది మెట్లకు తాడు కట్టారు. కాపలా మనిషి ఈల వేశాడు. "అక్కడే ఆగండమ్మా!" తర్వాత పళ్ళెం చూసి, "ఓ, బతుకమ్మాండీ? టీవీలో చూశానండి" అని, తాడు దగ్గర ఒక మెట్టు మాకు వదిలాడు.

పళ్ళెం మధ్యలో పెట్టి యాదమ్మ పాట ఎత్తుకుంది. ఎత్తుకుని ఆగిపోయింది. ఒక్కరే చుట్టూ తిరగలేరు. చప్పట్లకు ఎదురు చప్పట్లు కావాలి, పాటకు అందుకునే గొంతు కావాలి. నా వైపు చూసింది, రమ్మని అనలేదు.

నేను కొంగు దోపుకుని దిగాను. నాకు రాదనుకున్నాను. నలభై ఏళ్ళు బాల్కనీలో విన్న పాట, చరణం చివర దానంతటదే నోట్లోకి వచ్చింది. రెండో చుట్టుకు, దేవీ నవరాత్రులకని వచ్చిన ఆడవాళ్ళు నలుగురు చేరారు. మూడో చుట్టుకు పది మందయ్యాం. వాళ్ళు చప్పట్లు కోలాటంలా కొడుతున్నారు. యాదమ్మ ఆడుతూనే, "వంగి కొట్టాలె వదినా, వంగి! నడుము నీదే గదా!" అని అరుస్తోంది. ఒకావిడ ఎదురు తిరిగి నన్ను గుద్దుకుంది. అందరం పగలబడి నవ్వుకున్నాం. హోటల్లో కట్టించుకున్న పులిహోర, పెరుగన్నం అందరికీ పంచిపెట్టాం.

పొద్దు గుంకుతుండగా యాదమ్మ గౌరమ్మను తీసి కొంగున కట్టుకుని, అరిటాకుతో సహా బతుకమ్మను నీళ్ళ మీదికి జార్చింది.

అది రెండు బారలు పోయి, వెనక్కి వచ్చేసింది. మెట్టుకు తగిలింది. ఆమె నెట్టింది. మళ్ళీ పోయి మళ్ళీ వచ్చింది. తల్లి వద్దంటోందా? ధర్మపురి వెళ్ళాల్సినదాన్ని ఇక్కడికి లాక్కొచ్చింది నేనే కదా?

"ఇక్కడ సుడి ఉంటదండి" అన్నాడు కాపలా మనిషి. "కర్రతో నెట్టమంటారా?"

"వద్దన్నా. ఎవరూ ముట్టొద్దు." యాదమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని నీళ్ళకేసి చూస్తోంది. బతుకమ్మ ఆ సుడిలో నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతోంది. ఆమె మొహంలో భయం లేదు. "ఫికర్ జేయకక్కా. మనం ఇంతసేపు ఆడలేదా? గామె సుత ఆడాలె గదా. ఆడనియ్."

నిలబడ్డాం. మాతో ఆడిన ఆడవాళ్ళూ నిలబడ్డారు. ఎన్ని చుట్లు తిరిగిందో నేను లెక్కపెట్టలేదు. ఒక చుట్టులో, ఎవరూ పిలవకుండానే, అది పక్కకు జరిగి పెద్ద నీళ్ళను అందుకుంది. ఒక్కసారి ఊగింది. తర్వాత తిన్నగా పోయింది. తెల్లని గునుగు చాలాసేపు కనిపించింది.

అదీ కనుమరుగయ్యాక యాదమ్మ మెట్టు మీద చతికిలబడి, పెద్దగా ఊపిరి వదిలి, తలెత్తింది. ఎడమ నించి కుడికి, వంతెనల నించి అవతలి గట్టు దాకా, గీతలా కనిపించే కొవ్వూరు దాకా, నోరు తెరుచుకుని చూసింది.

"అక్కా! గింత నీళ్ళు మూడొద్దుల సంది గీడనే ఉన్నయా?"

"ఉన్నాయి యాదమ్మా."

"మరి నాకెందుకు సూపెట్టలే?"

రైలు మర్నాడు మధ్యాహ్నం. పొద్దున నాలుగున్నరకే ఆమె నన్ను లేపింది. మొదటి ఘాటు నించి మొదలుపెట్టి మా ఊరిని మళ్ళీ చూపించాను.